‘మోటారు కాలిపోనాది’ అనే ముందు: చిన్న లేత్ మిషన్లలో కరెంటు చిక్కులు

ఒడిశా రాయగడలో మా బావ పేపరు మిల్లు మెయింటెనెన్సులో పనిచేసి రిటైరయ్యాక వరండాలో, ఇనప ముక్కను తిప్పుతూ చెక్కే ఒక చిన్న లేత్ మిషను పెట్టుకున్నాడు. ఇద్దరు పట్టుకుంటే బల్ల మీదకి ఎక్కేంత బరువు. ఇత్తడి బుష్షులు, కుళాయి స్పిండిళ్ళు, మనవడికి బొంగరాలు తిప్పుకుంటూ పొద్దుపుచ్చుతుంటాడు. పోయిన శ్రావణంలో ఒక ముసురు సాయంత్రం అది ఉన్నట్టుండి ఆగిపోయింది.

చూసిన ముగ్గురూ మూడు తీర్పులిచ్చారు. వైండింగు షాపాయన మోటారు తీగలకు మీటరు పెట్టి, ముల్లు కదలకపోయేసరికి "కాలిపోనాది బావూ, చుట్టాల" అన్నాడు. టీవీలు బాగుచేసే కుర్రాడు బోర్డు పోయిందన్నాడు. ఎదురింటాయన లో-వోల్టేజి అని తేల్చేశాడు. మా వైపు తెలుగులో ‘కాలిపోనాది’ అన్నా, ఒడియాలో ‘పోడిగలా’ అన్నా నిజంగా కాలాలనేమీ లేదు. ఆగిన ప్రతిదానికీ ఆ మాటే. ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులున్నాయి. వాటిని విడదీసి చూడడానికే ఈ వ్యాసం.

పేరు ఒకటే, లోపలి మోటార్లు రెండు రకాలు

‘చిన్న లేత్’ అని మనం పిలిచేవి కరెంటు లెక్కన రెండు వేరే జాతులు. మొదటిది చైనా నుంచి రకరకాల రంగుల్లో, రకరకాల పేర్లతో వచ్చే బల్ల మీది లేత్. ‘7 బై 14’ అంటే మిషను బెడ్డు మీద 7 అంగుళాల వ్యాసం దాకా జాబ్ (చెక్కే ముక్క) తిరుగుతుంది, రెండు సెంటర్ల మధ్య 14 అంగుళాల పొడవు పడుతుంది అని. వీటిలో చాలావాటికి కార్బన్లున్న (తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు) డి.సి. మోటారు ఉంటుంది. వేగం తగ్గించి పెంచడానికి ఒక గుండీ, ఆ గుండీ వెనక ఒక ఎలక్ట్రానిక్ బోర్డు. కొత్త మోడళ్ళలో కార్బన్లు లేని మోటార్లూ వస్తున్నాయి.

రెండోది బటాలా, రాజ్‌కోట్ లాంటి చోట్ల తయారయ్యే బెల్టు లేత్. దానికి అర హెచ్.పి. నుంచి ఒక హెచ్.పి. దాకా సింగిల్ ఫేజు ఇండక్షన్ మోటారు తగిలిస్తారు. బోర్డు ఉండదు. వేగం మారాలంటే బెల్టును ఒక పుల్లీ నుంచి ఇంకో పుల్లీకి మార్చుకోవాలి. కార్బన్లూ ఉండవు, కెపాసిటరు ఉంటుంది.

ఒకదాని జబ్బు రెండోదానికి రాదు. బెల్టు లేత్ గుర్రుమని మూలిగి తిరగకపోతే ముందుగా కెపాసిటరును అనుమానించాలి. బోర్డు లేత్‌లో వెతికితే ఆ కెపాసిటరే కనబడదు. వైండింగు షాపుల్లో ఎక్కువగా వచ్చేవి నీళ్ళ మోటార్లు కాబట్టి, అక్కడి అనుభవమంతా ఈ రెండో జాతిదే. బావ లేత్ మొదటి జాతిది.

ఆగడం వేరు, చెడిపోవడం వేరు

లేత్‌కు కరెంటు నేరుగా మోటారులోకి పోదు. దారిలో గేట్లుంటాయి. ఫీజు, ఎర్ర-పచ్చ బటన్ల స్విచ్చి, చక్ (జాబ్‌ను బిగించి పట్టి తిప్పే దవడలు) మీది మూతకు తగిలే చిన్న మైక్రోస్విచ్చి, ముందుకు-వెనక్కి తిప్పే స్విచ్చి, ఆ తర్వాత బోర్డు. ఏ ఒక్క గేటు మూసుకున్నా మిషను చచ్చినట్టే పడుంటుంది. అయితే వాటిలో కొన్ని మూసుకోవడానికే పెట్టిన గేట్లు.

పచ్చ బటన్ సంగతే తీసుకోండి. దాని లోపల ఒక కాయిలుంటుంది. కరెంటు ఉన్నంతసేపూ అది బటన్ను పట్టి ఉంచుతుంది, కరెంటు పోతే వదిలేస్తుంది, తిరిగొచ్చినా తనంతట తాను పట్టదు. చక్‌లో చెయ్యి పెట్టి జాబ్ సరిచూసుకుంటున్నప్పుడు పోయిన కరెంటు వచ్చిందనుకోండి, ఆ కాయిలు లేకపోతే వేళ్ళు మిగలవు. మనకేమో కరెంటు రెప్పపాటు పోయి రావడం మామూలే. లైటు మినుక్కుమంటుంది, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, లేత్ మాత్రం ఆగిపోతుంది. దాన్ని చెడిపోవడంగా లెక్కవేస్తారు.

ఈ కాయిలుకు మరో గుణముంది. ఇలాంటి విద్యుదయస్కాంత స్విచ్చుల్లో పెద్దన్న అయిన కాంటాక్టరు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దాని వోల్టేజిలో 85 శాతం ఉంటే తప్పకుండా పట్టాలి. 230లో 85 శాతమంటే 195 వోల్టులు. అంతకు దిగితే పట్టొచ్చు, పట్టకపోవచ్చు. పచ్చ బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే మిషను తిరిగి, వేలు తీయగానే ఆగిపోతుందంటే కాయిలు పోయి ఉండాలి, లేదా వోల్టేజి చాలక నిలవకుండా ఉండాలి. పొద్దున్న నిలిచి సాయంత్రం నిలవకపోతే రెండోదే.

మూత దగ్గరి మైక్రోస్విచ్చికి ఇనప రజనే శత్రువు. లోపలికి పోయిన రజను నూనెతో కలిసి ముద్దయితే మూత వేసినా స్విచ్చికి తెలియదు. కొన్ని బోర్డుల్లో వేగం గుండీని సున్నాకు తెచ్చి మళ్ళీ తిప్పితేనే మోటారు బయల్దేరుతుంది. కొత్తగా కొన్నవాళ్ళు మొదటి రోజే ‘పనిచెయ్యట్లేదు’ అని తిప్పి పంపిన మిషన్లలో కొన్నయినా ఈ సున్నా గురించి తెలియక పంపినవే అయ్యుంటాయని నా అనుమానం.

ప్లగ్గు దగ్గర 200 ఉన్నా మోటారు దగ్గర 170

లో-వోల్టేజి అనే మాటను అందరూ వాడతారు, లెక్క మాత్రం వెయ్యరు. ఒక హెచ్.పి. బెల్టు లేత్‌తో వేసి చూద్దాం.

సాయంత్రం ప్లగ్గు దగ్గర మీటరు 200 చూపింది. అక్కణ్ణుంచి పెరట్లో షెడ్డు దాకా 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్, తీగ 1 చదరపు మిల్లీమీటరు రాగిది. అలాంటి మెత్తటి తీగకు కిలోమీటరుకు 19.5 ఓముల నిరోధం. కరెంటు పోవాలి, రావాలి కాబట్టి పొడవు 60 మీటర్లు, నిరోధం 1.17 ఓములు. చూడ్డానికి చిన్న అంకె.

ఒక హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు తీసుకుంటుంది. బయల్దేరే క్షణంలో మాత్రం దానికి అయిదారు రెట్లు లాగుతుంది. 230 వోల్టుల దగ్గర 36 ఆంపియర్లనుకుంటే, ఆ క్షణంలో మోటారు సుమారు 6.4 ఓముల నిరోధంలా ఉన్నట్టు. మన తీగను కలిపితే 7.57. దాంతో 200ను భాగిస్తే 26 ఆంపియర్లు. తీగలోనే 30 వోల్టులు పోతాయి. మోటారుకు దక్కేది 170. ఇది ఉజ్జాయింపు లెక్కే, కచ్చితంగా వేస్తే తీగలో పోయేది కొంచెం తగ్గుతుంది.

ఇక్కడే అసలు దెబ్బ. మోటారు తిప్పే బలం వోల్టేజితో పాటు సమానంగా తగ్గదు, దాని వర్గంతో తగ్గుతుంది. 170ని 230తో భాగిస్తే 0.74, దాని వర్గం 0.55. వోల్టేజి పావు వంతు తగ్గితే బలం సగానికి దగ్గరపడింది. బిగుతు బెల్టు, బరువైన చక్ ఉన్న మిషనుకు ఆ బలం చాలక మూలుగుతూ నిలబడుతుంది. అప్పుడు పరుగున పోయి ప్లగ్గులో మీటరు పెడితే మళ్ళీ 200 కనిపిస్తుంది, ఎందుకంటే మిషను ఆపేశారు, తీగలో కరెంటు లేదు. వోల్టేజి బాగానే ఉంది, మోటారే పోయింది అనే తీర్పు అలా పుడుతుంది. ఇదే దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేసుంటే మోటారుకు 186 దక్కేది, బలం 0.65 ఉండేది. వీధి ట్రాన్స్‌ఫార్మరును మనం మార్చలేం కానీ ఈ తేడా మన పెరట్లోది.

స్టెబిలైజరు పెడితే పోతుంది కదా అనేవాళ్ళున్నారు. కొంతవరకు నిజమే. కాని స్టెబిలైజరు వోల్టేజిని సృష్టించదు. 180 తీసుకుని 230 ఇవ్వాలంటే అవతల లైన్లోంచి 1.28 రెట్లు కరెంటు లాగుతుంది. లైను ముందే నీరసంగా ఉంటే ఇంకా కుంగుతుంది. పైగా బయల్దేరే కరెంటును తట్టుకోవాలంటే టీవీ స్టెబిలైజరు పనికిరాదు, మోటారు నడిచే వాట్లకు కొన్ని రెట్లు పెద్దది కావాలి. బోర్డు లేత్ ఉన్నవాళ్ళకు ఈ బాధ తక్కువ. బోర్డు కరెంటును అదుపులో పెడుతుంది కాబట్టి తక్కువ వోల్టేజిలో పైవేగం తగ్గుతుందే తప్ప బయల్దేరడం ఆగదు. అందుకే ఎదురింటాయన తీర్పు బావ మిషనుకు అతకలేదు.

కుట్టు మిషను చక్రంలా ఒక తోపు కావాలి

సింగిల్ ఫేజు మోటారు ఎందుకు మూలుగుతుందో తెలియాలంటే కాలితో తొక్కే కుట్టు మిషను గుర్తు తెచ్చుకోండి. పెడలు కొన చివర ఆగిపోయినప్పుడు ఎంత తొక్కినా చక్రం కదలదు. చేత్తో చక్రాన్ని ఒక తోపు తోస్తే అందుకుంటుంది. ముందుకు తోస్తే ముందుకు, వెనక్కి తోస్తే వెనక్కి. సింగిల్ ఫేజు కరెంటు కూడా అంతే, అటూ ఇటూ ఊగుతుందే తప్ప తనంతట తాను తిప్పదు. ఆ మొదటి తోపు ఇవ్వడానికి మోటారులో రెండో చుట్టు, దానికి జోడుగా కెపాసిటరు పెడతారు. వేగం ముప్పాతిక వంతుకు చేరగానే లోపలి సెంట్రిఫ్యూగల్ స్విచ్చి ఆ రెండో చుట్టును తప్పిస్తుంది.

కెపాసిటరు ఎండిపోతే తోపు ఉండదు, మూలుగే మిగులుతుంది. స్విచ్చి కాంటాక్టులు మసిబారి కలవకపోయినా అంతే. స్విచ్చి అతుక్కుపోయి తెరుచుకోకపోతే కథ వేరు. కొన్ని క్షణాలకే తగినంత సన్నగా చుట్టిన ఆ రెండో చుట్టు అదే పనిగా కరెంటులో ఉండి నిజంగానే కాలిపోతుంది. అప్పుడు వార్నిషు మాడిన వాసన వస్తుంది, ఆ వాసన ఒకసారి ఎరిగినవాళ్ళు మళ్ళీ పొరబడరు. అలా కాలినప్పుడు చుట్టు ఒక్కటే కొత్తగా చుట్టించి స్విచ్చిని వదిలేస్తే కొత్త చుట్టూ కాలుతుంది. ‘ఆ షాపులో సరిగ్గా చుట్టలేదు’ అనే నింద తరచూ అక్కడే పుడుతుంది.

బోర్డు లేత్: ఒకే అంకె, రెండు అర్థాలు

ఇక బావ మిషనుకు వద్దాం. కార్బన్ల మోటారులో కరెంటు తీగలోంచి ఒక కార్బన్‌లోకి, అక్కణ్ణుంచి తిరిగే రాగి పలకల మీదుగా చుట్టులోకి, మళ్ళీ రెండో కార్బన్‌లోంచి బయటికి పోతుంది. మీటరు ఏమీ చూపలేదంటే ఆ దారి ఎక్కడో తెగిందనే అర్థం. చుట్టే తెగిందని కాదు. కార్బన్ అరిగి పొట్టిదై స్ప్రింగుకు అందకపోయినా, మసి నిండి తన గూట్లో బిగుసుకున్నా మీటరు అదే మౌనం చూపుతుంది. తేడా తెలిసేది ఇరుసును చేత్తో మెల్లగా తిప్పినప్పుడు. కార్బన్ తప్పయితే అంకె వచ్చిపోతుంటుంది, చుట్టు తప్పయితే ఇరుసు అవే చోట్లకు వచ్చినప్పుడల్లా అంకె ఒకేలా మారుతుంది.

టీవీ కుర్రాడి తీర్పు మాటేమిటి? బోర్డులు పోవడం అరుదేమీ కాదు. వాటిలో కరెంటును కోసి ఇచ్చే భాగం పోయేటప్పుడు సాధారణంగా తెగిపోదు, షార్టవుతుంది. అప్పుడు గుండీ ఎక్కడున్నా మోటారు పూర్తి వేగంతో లేస్తుంది, లేదా ఫీజు కొట్టేస్తుంది. ఉలుకూ పలుకూ లేకుండా ఉండడమనేది బోర్డుకు మాత్రమే ప్రత్యేకమైన లక్షణం కాదు. పాత మెకానిక్కులు మోటారు విప్పి, దాని చోట ఒక మామూలు ఫిలమెంటు బల్బు కట్టి చూస్తారు. గుండీ తిప్పితే బల్బు వెలుగు మారితే బోర్డు బతికున్నట్టే. బావ మిషనులో మారింది.

ఈ బోర్డుల గురించి ఒక హెచ్చరిక చెప్పకుండా పోలేను. చాలావాటిలో మెయిను నుంచి విడదీసే ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. వేగం గుండీ వెనక ఉన్న సన్నటి తీగలు రేడియో గుండీ తీగల్లా కనిపిస్తాయి కాని వాటిలో మెయిను కరెంటే ఉంటుంది. కొన్ని బోర్డుల్లోని కెపాసిటరు 230 వోల్టుల శిఖరం దాకా, అంటే 325 వోల్టుల దాకా నిండి, ప్లగ్గు పీకాక కూడా కొంతసేపు అలాగే ఉంటుంది.

నీలం తీగ ఏ పక్షం?

మిల్లుల్లో పనిచేసి వచ్చిన మిస్త్రీలు మన ఊళ్ళలో ఎక్కువ. వాళ్ళ చెయ్యి మూడు ఫేజుల మీద తిరిగిన చెయ్యి. మన మూడు ఫేజుల లైన్లలో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే, నలుపు న్యూట్రల్. ఇళ్ళ పాత వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. దిగుమతి మిషను కార్డులో మాత్రం గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్తు. నీలాన్ని ఫేజనుకుని, ముదురు గోధుమను నలుపుకి జోడీ చేసి బిగిస్తే రెండూ తారుమారు. విశేషమేమిటంటే మిషను చక్కగా నడుస్తుంది. ఫీజు మాత్రం న్యూట్రల్‌లోకి పోతుంది. స్విచ్చి ఒక్క తీగనే తెంపే రకమైతే, ఆపేశాక కూడా లోపల ఫేజు ఉంటుంది. నడుస్తోంది కాబట్టి తప్పు ఎవరికీ కనబడదు, విప్పిన రోజున తెలుస్తుంది.

దీనికి దగ్గర చుట్టం మరొకటి. ప్లగ్గు రెండు కన్నాల్లోనూ టెస్టరు వెలుగుతుంది, మిషను కదలదు. ‘రెండు ఫేజులొచ్చేశాయి’ అంటారు. నిజానికి న్యూట్రల్ ఎక్కడో తెగింది. ఇంట్లో వేసి ఉన్న ఏ బల్బులోంచో ఫేజు చుట్టు తిరిగి రెండో కన్నంలో కనిపిస్తోంది.

ముసురు పడితే ట్రిప్పయ్యే ఆర్.సి.సి.బి.

బావ ఇంట్లో ఆషాఢం నుంచీ ఇంకో గొడవ నడిచింది. వాన రోజుల్లో లేత్ వెయ్యగానే ఆర్.సి.సి.బి. పడిపోయేది. ఇల్లంతా చీకటి, అక్క కేకలు.

ఎం.సి.బి. చూసేది ఎంత కరెంటు పోతోందని. ఆర్.సి.సి.బి. చూసేది పోయినంతా తిరిగి వచ్చిందా అని. ఫేజులో వెళ్ళినదానికీ న్యూట్రల్‌లో వచ్చినదానికీ తేడా ఉంటే, ఆ తేడా ఎక్కడో కారి నేలలోకి పోతోందన్నమాట. ఇళ్ళలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. అది 15 దాటాక ఎప్పుడైనా పడొచ్చు, 30కి తప్పక పడాలి.

ఒక లెక్క అనుకుందాం. ఫ్రిజ్, వాషింగ్ మిషను, ఇన్వర్టరు అన్నీ కలిసి 9 మిల్లీ ఆంపియర్లు కారుస్తున్నాయి. లేత్ బోర్డులోని ఫిల్టరు స్వభావరీత్యా మరో 3. మొత్తం 12, ఏ గొడవా లేదు. ముసురుకు మోటారు లోపలి మసి తడిసి ఇంకో 5 కారింది. సూటిగా కూడితే 17 అయింది, పడింది. ఇందులో ఏ ఒక్కటీ ఒంటరిగా నేరస్థుడు కాదు. అయితే ఆ 5 మిల్లీ ఆంపియర్లను తేలిగ్గా తీసుకోకూడదు. 230 వోల్టులు 5 మిల్లీ ఆంపియర్లు కార్చాలంటే ఇన్సులేషను 46 కిలో ఓములకు దిగి ఉండాలి. 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషను కొలిచే మీటరు) చూస్తే కనీసం 1 మెగా ఓము ఉండాలని ఆశిస్తారు. అంటే అందులో ఇరవయ్యో వంతు కూడా లేదు.

ఆర్.సి.సి.బి.ని తీసేయమనే పెద్దమిస్త్రీల మాట వెనక ఒక న్యాయముంది. మాటిమాటికీ ఇల్లంతా చీకటైతే ఫ్రిజ్‌లో సరుకు పాడవుతుంది, జనం విసిగి చివరికి దాన్ని దాటవేసి తీగ కట్టేస్తారు. కాని 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి మనిషి ఒంట్లోంచి పోయే 50 మిల్లీ ఆంపియర్లు చీమ కుట్టినట్టు కూడా ఉండదు, గుండె ఆగడానికి అది చాలు. షెడ్డుకు విడిగా ఒక ఆర్.సి.సి.బి. పెట్టడమనే మధ్యేమార్గంలో ఇల్లు చీకటవదు, ఫ్రిజ్ కార్చేది లేత్ లెక్కలో కలవదు. ఎర్తింగ్ సంగతి దీనికి తోడు. కొండ నేలలో, ఎండాకాలంలో ఎర్తు గుంత ఎండిపోతే కారే కరెంటుకు దారి ఉండదు. అప్పుడు ఆర్.సి.సి.బి. నిశ్శబ్దంగా ఉంటుంది, మనిషి మిషనును ముట్టుకున్న క్షణం దాకా.

బాగుచేయడమా, మార్చేయడమా?

బోర్డు నిజంగా పోయినప్పుడు ఇళ్ళ లేత్‌వాళ్ళు రెండు పక్షాలవుతారు. అదే బోర్డు తెప్పించి వేయాలనేవాళ్ళ వాదన, మిషను కొలతలు, కేసింగు, రంధ్రాలు దానికే అమరి ఉంటాయని. అవతలివాళ్ళు మూడు ఫేజుల మోటారు, వి.ఎఫ్.డి. పెట్టుకోమంటారు. ఇంటి సింగిల్ ఫేజును తీసుకుని మూడు ఫేజులుగా, కావలసిన వేగానికి మార్చి ఇచ్చే పెట్టె అది. కార్బన్లు లేవు, కెపాసిటరు లేదు, సెంట్రిఫ్యూగల్ స్విచ్చి లేదు. ఒక మెలిక ఉంది. ఇంటి కరెంటు మీది వి.ఎఫ్.డి. 230 దాకానే ఇస్తుంది, మన బజారులో దొరికే చిన్న మోటార్లు చాలావరకు 415కు స్టార్‌లో (మూడు చుట్ల ఒక్కో కొసను ఒకచోట కలిపి) కట్టి ఉంటాయి. లోపలి ఒక్కో చుట్టుకు పడేది 415ను 1.732తో భాగించగా 240. కాబట్టి ఆరు తీగలూ బయటికొచ్చిన మోటారైతే డెల్టాకు (చుట్లను కొసకు కొస కలపడం) మార్చి నడపొచ్చు. మూడే వచ్చిందైతే విప్పాల్సిందే. పైగా వి.ఎఫ్.డి. ఫిల్టర్లు కార్చే కరెంటు ఆర్.సి.సి.బి.కి మళ్ళీ పని పెడుతుంది.

బావకి వి.ఎఫ్.డి. మీద మనసుంది, మిల్లులో వాటితో అలవాటు. కాని ఆ అవసరం రాలేదు. కార్బన్ల మూతలు విప్పితే ఒకటి సగానికి పైగా అరిగి, మసితో గూట్లో బిగుసుకుని ఉంది. మోటారు విప్పి దులిపితే నల్లటి పొడి రాలింది. ఆ పొడి అరిగిన కార్బన్‌దే. పొడిగా ఉన్నన్నాళ్ళూ ఊరుకుంది, ముసురుకు తడిసి కరెంటును మోటారు ఒంటికి కార్చింది. కొత్త కార్బన్లు వేసి, జాబ్ లేకుండా అరగంట తిప్పి అవి కుదురుకున్నాక పని మొదలెట్టాడు. ఆ తర్వాత భాద్రపదంలో ఎంత వాన పడ్డా ఆర్.సి.సి.బి. పడలేదు.

సాయంత్రం ఏడయ్యాక మాత్రం పచ్చ బటన్ ఇప్పటికీ నిలవడం లేదు. అందుకని ఆయన పొద్దున్నే కాఫీ తాగి లేత్ వేస్తాడు.